జడ కోలాటంలో యమాతారాజభానస: ప్రాజెక్టు డైరీ

ఆగస్టు, చివరి వారం

డిసెంబరు 22 రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినోత్సవం. అది ఎప్పుడూ ధనుర్మాసంలోనే పడుతుంది. మా తెనాలి వైపు ఊళ్ళలో రామాలయాల ముందు కోలాటం జోరుగా సాగే రోజులవి. ఈసారి ఆ రోజున జడ కోలాటంతో ఒక ప్రదర్శన చేద్దామని ముగ్గురం కూర్చుని తేల్చుకున్నాం: కోలాటం నేర్పే మాస్టారు, మృదంగం విద్వాంసుడు, ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే నేను. ఆడేవాళ్ళు ఎనిమిదిమంది. నలుగురు మాస్టారి భజన బృందంలోని ఆడవాళ్ళు, నలుగురు నా దగ్గర చదువుకునే అమ్మాయిలు.

లెక్కల్నీ నాట్యాన్నీ కలిపామని చెప్పే కార్యక్రమాలు కొన్ని చూశాను. ముందు ఎవరో ఆడుతుంటారు, వెనక తెర మీద సమీకరణాలు కదులుతుంటాయి. తెర తీసేసినా ఆట ఆగదు. నాకు అది చాలదు. లెక్క తప్పితే తాళ్ళు చిక్కు పడాలి, లెక్క కుదిరితే చూస్తున్నవాళ్ళ కళ్ళముందే విడిపోవాలి. అందుకే జడ కోలాటం. ప్రొజెక్టర్ వద్దని మొదటి రోజే అనుకున్నాం.

చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. పైనుంచి రంగు తాళ్ళు వేలాడుతుంటాయి. ఒక్కొక్కరు ఒక చేత్తో తాడు కొస, ఇంకో చేత్తో కోల పట్టుకుంటారు. సగంమంది ప్రదక్షిణంగా, సగంమంది అప్రదక్షిణంగా తిరుగుతూ, ఎదురొచ్చిన మనిషిని ఒకసారి బయటినుంచి, ఒకసారి లోపలినుంచి దాటుతారు. దాటేటప్పుడు కోలకు కోల తగిలిస్తారు. పైన తాళ్ళు జడలా అల్లుకుంటూ కిందికి దిగుతాయి. తర్వాత అందరూ వెనక్కి తిరిగి ఆ జడను విప్పేస్తారు.

సెప్టెంబరు, సామాను పని

ఊరి చివర ఖాళీగా ఉన్న ధాన్యం గోడౌన్ దొరికింది. ఇనప దూలం 14 అడుగుల ఎత్తున ఉంది, మాకు సరిగ్గా సరిపోయింది.

జనపనార తాళ్ళతో మొదలుపెట్టాం. అరచేతులు గీరుకుపోయాయి. పైగా గుండ్రటి తాడు అల్లుకున్నాక ఏది పైన ఉందో, ఏది కింద ఉందో నాలుగు బారల దూరం నుంచే తెలియదు. పాత చీరల పేలికలు మెత్తగానే ఉన్నాయి కానీ మెలి తిరిగిపోతున్నాయి. అప్పుడు మేమంతా పెద్దక్క అని పిలిచే ఆవిడ, బృందంలో అందరికన్నా పెద్దది, తన పాత మంచం నవారు చుట్ట పట్టుకొచ్చింది. నవారు బల్లపరుపుగా ఉంటుంది, వెడల్పుగా ఉంటుంది, చేతిని కోయదు. ఆ రోజే నిర్ణయం అయిపోయింది. కొత్త నవారు కొని ఎనిమిది ముక్కలు చేశాం. ఒక్కోటి 15 అడుగులు, అందులో ఒక అడుగు పై ముడికి పోతుంది. నాలుగింటికి పసుపు, నాలుగింటికి ఎరుపు అద్దకం వేయించాం.

పైన రింగు పెద్దదైతే జడ మొదట్లో బోలుగా, వదులుగా వస్తుంది. అరచెయ్యంత ఇనప రింగు వేసి, దాని మధ్యనుంచి ఒక వెదురు గడ వేలాడదీశాం. నవారు ఆ గడ చుట్టూ అల్లుకుంటుంది. రింగు గిర్రున తిరిగితే వేసిన అల్లిక ఏదో, మెలి ఏదో తెలియకుండా పోతుంది కాబట్టి దాన్ని రెండు పక్కలా లాగి కట్టాం.

సెప్టెంబరు, మూడో వారం

పసుపు జట్టు ప్రదక్షిణం, ఎరుపు జట్టు అప్రదక్షిణం. పసుపు, ఎరుపు, పసుపు, ఎరుపు వరసలో ఎనిమిదిమంది వలయంగా నిలబడతారు. ఒక్కో దాటుకు నాలుగు జంటలు ఒకేసారి చోట్లు మార్చుకుంటాయి. బయటినుంచి దాటినవాళ్ళ నవారు పైన పడుతుంది, లోపలినుంచి దాటినవాళ్ళది కిందికి పోతుంది.

విద్వాంసుడు దీనికి చక్కటి దారి చూపించారు. పసుపు బయటికి పోవాల్సినప్పుడు ఆయన "తకధిమి" అంటారు, పసుపు లోపలికి పోవాల్సినప్పుడు "తకజణు" అంటారు. తకధిమి తకజణు ఎలాగూ జంటగా నోట్లో నానే మాటలే కాబట్టి ఎవరికీ కొత్త అనిపించలేదు. ఎనిమిది దాట్లు అయ్యేసరికి 32 తాళాక్షరాలు. ఆదితాళం ఒక ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, ఎనిమిది తాళాక్షరాలు కాబట్టి ఇవి నాలుగు ఆవర్తనాలు. అందరూ బయలుదేరిన చోటికే వచ్చి నిలబడ్డారు.

తలెత్తి చూస్తే జడ మీద పసుపు వరస, ఎరుపు వరస, పసుపు వరస, ఎరుపు వరస. తకధిమి అన్న ప్రతిసారీ ఒక పసుపు అడ్డవరస, తకజణు అన్న ప్రతిసారీ ఒక ఎరుపు అడ్డవరస. నేను చాలాసేపు ఆ గడ దగ్గరే ఉండిపోయాను. మృదంగం వాయించినదంతా పైనుంచి కిందికి నవారు మీద రాసి ఉంది. ఈ జడను చదవొచ్చు!

ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, అందరం మొదటి చోటికే వచ్చేశాం కదా, మరి జడ ఎందుకు మిగిలింది?" ఇంతకన్నా మంచి ప్రశ్న నా క్లాసులో కూడా రాలేదు. ఎవరు ఎక్కడికి చేరారన్నది ఒక లెక్క, ఎలా చేరారన్నది ఇంకో లెక్క. మొదటిది ప్రస్తారం (పర్ముటేషన్), ఇంటర్ లెక్కల్లో చదివేదే. రెండోదాన్ని హాంబర్గ్‌లో పనిచేసిన గణితవేత్త ఎమిల్ ఆర్టిన్ 1925లో ఒక పద్ధతిగా రాసిపెట్టాడు. మనుషులు ఇళ్ళకు చేరినా తాళ్ళు జరిగినదాన్ని దాచుకుంటాయి. ఆ అమ్మాయిని నవారు పట్టుకునే ఈ మాట రెండు వాక్యాల్లో చెప్పమన్నాను, చెప్పింది. ప్రదర్శనలో ఆ రెండు వాక్యాలు ఆ పిల్లే చెబుతుంది.

పసుపు జట్టును ప్రతిసారీ బయటికే పంపి కూడా చూశాం. జడంతా పసుపు అయింది, కానీ అది జడ కాదు, ఎరుపు మీద పసుపు తొడుగు. పట్టి లాగితే జారిపోతోంది. బయటా లోపలా రెండూ కలిస్తేనే అల్లిక నిలుస్తుంది.

అక్టోబరు, మొదటి ఆదివారం

ఈ వారం జరిగినదాని గురించి వివరంగా రాయాలి.

అడ్డవరస పసుపో ఎరుపో అయ్యేటట్టయితే, దాన్ని పద్యంలోలా గురువు లఘువులుగా (సాగదీసి పలికేది గురువు, పొట్టిగా పలికేది లఘువు) ఎందుకు చదవకూడదు? పసుపు బయట అంటే గురువు, పసుపు లోపల అంటే లఘువు. ఒక్కో చుట్టుకు ఎనిమిది వరసలు, అంటే ఎనిమిది అక్షరాలు. ఈ మాట అనగానే పెద్దక్క "యమాతారాజభానసలగం పెట్టేయండి" అంది. ఆవిడ బళ్ళో చదివింది తక్కువే, అది మాత్రం మరచిపోలేదు.

పద్యాల గణాలను, అంటే మూడేసి అక్షరాల గురు లఘువుల గుంపులను, గుర్తుపెట్టుకునే ఈ సూత్రం తెలుగు బడికి వెళ్ళినవాళ్ళందరికీ వచ్చు. ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడు అక్షరాలు తీసుకుంటే ఆ గణం వస్తుంది: యమాతా య గణం, మాతారా మ గణం, తారాజ త గణం. అక్షరానికి రెండు రకాలు, మూడు అక్షరాలు, మొత్తం ఎనిమిది గణాలు, ఎనిమిదీ ఇందులో ఒక్కొక్కసారే వస్తాయి. మొత్తం పది అక్షరాలు కదా, మాకు చుట్టుకు ఎనిమిదే. ఇక్కడే ఒళ్ళు పులకరించింది. చివరి రెండూ ల, గం: లఘువు, గురువు. మొదటి రెండూ య, మా: అవీ లఘువు, గురువే. అంటే వలయంగా తిప్పితే ఆ చివరి రెండు అక్షరాలు అక్కర్లేదు, రెండో చుట్టు మొదలు వాటి పని చేస్తుంది. ఎనిమిదిమంది వలయంలో యమాతారాజభానస ఎక్కడా అతుకు లేకుండా కూర్చుంది.

గురువు అంటే రెండు మాత్రలు కాబట్టి దాటేటప్పుడు కోల రెండుసార్లు తగలాలి, లఘువుకు ఒకసారి. నాలుగు గురువులు, నాలుగు లఘువులు, చుట్టుకు 12 దెబ్బలు. మాత్రకు రెండు తాళాక్షరాల కాలం వేసుకుంటే 24 తాళాక్షరాలు, ఆదితాళం సరిగ్గా మూడు ఆవర్తనాలు. పాటకు వేరే సాహిత్యం వెతకలేదు. యమాతారాజభానస అన్నదే సాహిత్యం. ఏ అక్షరం దీర్ఘమో అది పాడితేనే తెలిసిపోతుంది, కాళ్ళు దాన్నే వింటాయి. మోహన రాగంలో కట్టాం. అయిదు స్వరాలే కాబట్టి ఆడుతూ పాడేవాళ్ళకు ఊపిరి చాలుతుంది.

ఇక విప్పడం. చివర వేసిన వరస ముందు విప్పాలి కాబట్టి అక్షరాలు తిరగబడతాయి: స న భా జ రా తా మా య. అమ్మాయిలకు అది "మాయ" అని ముగియడం భలే నచ్చింది. నేను ఆ రాత్రి కాగితం మీద దాన్నీ మూడేసి అక్షరాలుగా విడగొట్టి చూశాను. స, జ, ర, య, మ, త, భ, న. వరస వేరు, కానీ మళ్ళీ ఎనిమిది గణాలూ, ఒక్కొక్కసారే.

అసలు సంగతి ఇంకా ఉంది. మూడక్షరాల గణాలన్నీ ఒక్కొక్కసారే వచ్చేలా ఎనిమిది అక్షరాలను వలయంగా పేర్చడానికి ఎన్ని దారులున్నాయి? ఇలాంటి వలయాలను లెక్కపెట్టే సూత్రాన్ని డచ్ గణితవేత్త డి బ్రుయిన్ 1946లో ప్రచురించాడు. మూడక్షరాలకు ఆ సూత్రం ఇచ్చే జవాబు రెండు. రెండే రెండు. ఒకటి మేం అల్లుతున్నప్పుడు వస్తుంది, రెండోది విప్పుతున్నప్పుడు వస్తుంది. మూడోది లేదు. ఆటలో ఏదీ మిగల్లేదు, ఏదీ తగ్గలేదు. ఈ ప్రదర్శనకు ఇదే ప్రాణం అని నాకు ఆ రాత్రే తెలిసిపోయింది. మిగతా పనంతా దీన్ని చూసేవాళ్ళ చెవికీ కంటికీ అందించడమే.

అక్టోబరు, మూడో వారం

మృదంగంతో కూర్చున్నాం. మా కొలతలో ఆదితాళం ఆవర్తనానికి నాలుగు మాత్రలు. య ఒకటి, మా రెండు, మూడైంది. తా నాలుగో మాత్రలో మొదలై అయిదో మాత్రలోకి పోతుంది. అంటే రెండో ఆవర్తనం సమం (ఆవర్తనం మొదలయ్యే దెబ్బ) సరిగ్గా తా మధ్యలో పడుతోంది. అక్కడ విద్వాంసుడు గట్టిగా వాయించగానే ఆడవాళ్ళు కొత్త దాటు మొదలైందనుకుని ముందుకు అడుగేస్తున్నారు. ఒళ్ళంతా తాళం నిండి ఉన్నవాళ్ళు అలాగే వేస్తారు.

ఆయన కాసేపు కళ్ళు మూసుకుని, "అక్కడ నేను తొప్పి (మృదంగం ఎడమవైపు) తట్టి వదిలేస్తాను, కోల రెండో దెబ్బే సమం అవుతుంది" అన్నారు. అంతే, కుదిరిపోయింది. మూడో ఆవర్తనం భా తోనే మొదలవుతుంది, అక్కడ ఆయన నిండుగా వాయిస్తారు. విప్పేటప్పుడు మొదటి మలుపు జ దగ్గర హాయిగా పడుతుంది, రెండో మలుపు మళ్ళీ తా మధ్యలోనే. ముందుకెళ్ళినా వెనక్కొచ్చినా ఆ ఒక్క అక్షరమే తాళం గీతను దాటుతోంది. ఆయన దానికోసం తొప్పి మీద వేసే చిన్న గుమికి (మూగేలా సాగే నాదం) మాకందరికీ ఇష్టమైన చోటైపోయింది.

ఒక పెద్దాయన రిహార్సల్ చూడ్డానికి వచ్చి "గుడి ముందు అప్రదక్షిణం ఏమిటమ్మా?" అని అడిగారు. మాస్టారు నవ్వి, కోలాటంలో ఎప్పుడూ ఎదురెదురు వలయాలు ఉంటాయని చెప్పారు. నేనూ ఒక మాట కలిపాను: విప్పేటప్పుడు జట్లు దిశ మార్చుకుంటాయి, ఆట ముగిసేసరికి ప్రతి ఒక్కరూ ఎన్ని చుట్లు అప్రదక్షిణం తిరిగారో అన్ని చుట్లు ప్రదక్షిణం తిరిగి ఉంటారు. ఆయన తృప్తిగా తల ఊపారు.

నవంబరు, మొదటి వారం: తిరుగు దగ్గర చిక్కు

అల్లడం నిలకడగా వస్తోంది. విప్పడం మొదలయ్యే చోటే టెన్షన్.

చివరి అక్షరం స, లఘువు. పసుపు లోపలినుంచి దాటుతుంది. ఆగి, వెనక్కి తిరిగి, విప్పుడులో మొదటి అక్షరం కూడా అదే స. అంటే పసుపు మళ్ళీ లోపలినుంచే రావాలి. కానీ మామూలు జడ కోలాటం ఆడిన కాళ్ళకు ఒకసారి లోపల అయితే తర్వాత బయట. ఒక జంట అలవాటుగా బయట లోపల మార్చేసింది. వెంటనే ఏమీ తెలియలేదు. మిగతా మూడు జంటల నవారు విడిపోయింది, ఈ రెండూ కొక్కెంలా ఒకదాన్నొకటి చుట్టుకున్నాయి. పై వరస విప్పబోతే అందరి తాళ్ళూ అక్కడే బిగుసుకున్నాయి. కింద ఎరుపు నవారు మడత, దాని సందులోంచి పసుపు, రెండూ కలిసి వెదురును ఒక పక్కకు లాగేస్తున్నాయి.

"మేడమ్, లోపలికి పోయాక మళ్ళీ లోపలికేనా?" అంది ఆ జంటలో ఎరుపు పట్టుకున్నావిడ, నమ్మకం లేనట్టు. నేను గుర్తులు రాసి చెప్పబోయేలోపు పెద్దక్క అందుకుంది: "గడియ పెట్టి తాళం వేస్తాం. వచ్చాక ముందు తాళం తీస్తామా, గడియ తీస్తామా? ఏ దారిన పోయావో ఆ దారినే రా." సమూహాల పాఠంలో విలోమం చెప్పడానికి నేను ఎప్పుడూ ఇంత చిన్న మాట వాడలేదు.

దాటినదాన్ని అదే దారిలో వెనక్కి తెస్తే పోతుంది, వేరే దారిలో తెస్తే రెట్టింపవుతుంది. ఇది అందరికీ చేతికి తెలియాలని, ఇద్దరిద్దరిని నిలబెట్టి రెండు నవార్లతోనే చేయించాం. లోపల, లోపల: విడిపోయింది. లోపల, బయట: ఒక పూర్తి మెలి. ఆ మెలి పోవాలంటే ఒకరి చుట్టూ ఒకరు పూర్తిగా వెనక్కి తిరిగి రావాలి. తిరుగు దగ్గర ఇప్పుడు మృదంగం ఆగిపోతుంది. అందరూ "స" అని పాడి, ఒక్క శ్వాస నిలిచి, మళ్ళీ "స" అంటారు. ఒకే అక్షరం రెండుసార్లు వినబడితే అదే దారి అని కాళ్ళకు తెలుస్తోంది.

ఇంకో సంగతి పెద్దక్కకు ధైర్యం ఇచ్చింది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, ఒక్కోసారి ఒక క్షణం ఆలస్యంగా దాటుతుంది, దానికి బాధపడుతోంది. ఒకే వరసలోని నాలుగు జంటల్లో ఎవరు ముందు దాటినా, ఎవరు వెనక దాటినా జడ మారదు. వాళ్ళ తాళ్ళు ఒకదాన్నొకటి తాకవు కదా. వరసలు మాత్రం తారుమారు కాకూడదు. ఇది విన్నాక ఆవిడ స్థిమితపడింది, చిత్రంగా ఆలస్యమూ తగ్గింది.

నవంబరు, చివరి వారం

వేగం సంగతి. నిమిషానికి 60 తాళాక్షరాల కాలంలో ఒక చుట్టుకు 24 సెకన్లు. మూడు చుట్లు అల్లుతాం, 24 వరసలు. ఒక్కో వరస రెండు అంగుళాలు దిగుతోంది కాబట్టి జడ నాలుగు అడుగులు వస్తుంది. నవారు ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల కోణంలో చుట్టుకుంటుంది. అందుకే నాలుగు అడుగుల జడకు ఒక్కో నవారు అయిదున్నర అడుగులకు పైగా ఖర్చవుతుంది. చేతులు నేలకు నాలుగు అడుగుల ఎత్తున ఉంటాయి. పైథాగరస్‌తో లెక్క వేస్తే మొదట్లో వలయం వ్యాసార్ధం 10 అడుగులకు కొంచెం తక్కువ, మూడు చుట్లు అయ్యాక సుమారు 6 అడుగులు. గోడౌన్ నేల మీద ముగ్గుతో రెండు వలయాలు గీసి ఆడించాం, అడుగులు గీతల మీదే పడ్డాయి.

మొదటి చుట్టులో ఒక దాటుకు దాదాపు ఎనిమిది అడుగులు నడవాలి. మూడో చుట్టు చివరికి అది అయిదు అడుగుల లోపే. అందుకే మొదట్లో వేగం పెంచితే లఘువుల దగ్గర పరుగెత్తాల్సి వస్తోంది, చివర్లో పెంచితే హాయిగా ఉంది. కోలాటం నిదానంగా మొదలై పోనుపోను వేగం అందుకోవడం మాస్టారి పద్ధతి, ఆయన గురువుగారి పద్ధతీ అదే. వలయం ఎంత కుదించుకుంటే అంత వేగం ఇవ్వొచ్చని నవారు కూడా అదే మాట చెబుతోంది. విప్పేటప్పుడు వలయం పెద్దదవుతూ వేగం తగ్గుతుంది. మొదట ముగింపు చప్పగా ఉంటుందేమోనని విద్వాంసుడికి అనుమానం ఉండేది. ఇప్పుడు ఆయనే నిదానించమంటున్నారు.

మ గణం దగ్గర పసుపు వరసలు మూడు వరసగా వస్తాయి, న గణం దగ్గర ఎరుపు మూడు. అక్కడ అల్లిక వదులై నవారు ఉబ్బుతోంది. ఆ చోట్ల లోపలినుంచి దాటేవాళ్ళు చెయ్యి తలకన్నా పైకెత్తి తాడు బిగబట్టాలని మాస్టారు నేర్పారు. అది చూడ్డానికి ఒక కొత్త భంగిమలా ఉంది, దాన్ని అలాగే ఉంచేశాం.

డిసెంబరు, మొదటి వారం

మూడు చుట్లు అల్లాక అందరూ తాడు పట్టుకుని అక్కడే కూర్చుంటారు. జనంలోంచి ఎవరో ఒక పిల్లనో పిల్లాణ్ణో పిలిచి జడను పైనుంచి కిందికి చదివిస్తాం. పక్క వీధి బడి నుంచి వచ్చిన పదో తరగతి పిల్లాడితో ప్రయత్నించాం. ఎరుపు, పసుపు, పసుపు, పసుపు అని వేలు పెట్టి చదువుతూ నాలుగో వరస దగ్గరే "ఇది యమాతారా!" అని అరిచాడు. తర్వాత ఏ మూడు వరసలు చూపించినా గణం చెప్పేశాడు. ఇంతకుమించిన వ్యాఖ్యానం నాకు అక్కర్లేదు. నేను మాట్లాడాల్సిన భాగాన్ని సగానికి కోసేశాను.

మిగిలిన పని: రామాలయం ముందు దూలం లేదు, పందిరి గుంజల మీద అడ్డగడ కట్టించాలి, 14 అడుగుల ఎత్తు తగ్గకూడదు. విడి నవారు రెండు ముక్కలు దగ్గర ఉంచుకోవాలి. మైకు మృదంగానికి కన్నా కోలలకు దగ్గరగా పెట్టాలి, మాత్రలు వినబడేది అక్కడే.

విద్వాంసుడు ఇప్పటికే తర్వాతి దాని మీద పడ్డారు: పద్యాలు అల్లడం. ఉత్పలమాల పాదం 20 అక్షరాలు, 28 మాత్రలు. మా కొలతలో 56 తాళాక్షరాల కాలం, ఆదితాళం ఏడు ఆవర్తనాలు. చంపకమాలకు ఒక అక్షరం ఎక్కువ, మొదటి గురువు రెండు లఘువులవుతుంది, మాత్రలు మాత్రం అవే 28. జడ మీద ఒక పసుపు వరస చోట రెండు ఎరుపు వరసలు, తాళం అంతే. రెండూ సమానికి వచ్చి వాలతాయి. శార్దూలం అలా కాదు. పాదానికి 19 అక్షరాలు, 30 మాత్రలు, ఏడున్నర ఆవర్తనాలు. రెండు పాదాలు వరసగా అల్లితే సమానికి వస్తుంది కానీ 38 వరసలకు వలయం బాగా కుంచించుకుపోయి ఎనిమిదిమంది కోలలు ఆడించే చోటు ఉండదు.

"ఒక పాదమే అల్లి, అదే విప్పుదాం" అన్నారు మాస్టారు. 60, 60 కలిపి 120 తాళాక్షరాలు. పదిహేను ఆవర్తనాలు. శార్దూలానికి సమం జడ పూర్తిగా విడిపోయాకే దొరుకుతుంది. సంక్రాంతి లోపు అది పట్టాలని అనుకున్నాం, దాని గణాల వరస మ స జ స త త గ అని గోడౌన్ తలుపు మీద సుద్దతో రాసి పెట్టాం.